పోనీలే అనే హక్కు ఎవరిది?

1894లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో ఒక యువ న్యాయవాది ఆఫీసుకు చిరిగిన బట్టలతో ఒక కూలీ వచ్చాడు. ముందరి పళ్లు రెండు విరిగి నోటి వెంట నెత్తురు కారుతోంది. తలపాగా తీసి చేత్తో పట్టుకుని వణుకుతూ నిలబడ్డాడు. తెల్లవాళ్ల ఎదుట కూలీల నెత్తిన గుడ్డ ఉండకూడదన్నది అక్కడి రివాజు. ఆ మనిషి పేరు బాలసుందరం, ఒప్పందం కూలీగా సముద్రం దాటి వచ్చిన తమిళుడు. కొట్టింది అతని యజమాని. ఆ న్యాయవాది మోహన్‌దాస్ గాంధీ. తలపాగా చుట్టుకోమని గాంధీ చెబితే బాలసుందరం తటపటాయిస్తూనే చుట్టుకున్నాడు.

గాంధీ డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించి, అతన్ని మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లారు. యజమానికి సమన్లు వెళ్లాయి. ఆ యజమానిని జైలుకు పంపాలన్న పంతం గాంధీకి లేదు, కూలీని ఆ చెర నుంచి తప్పిస్తే చాలనుకున్నారు. ఒప్పందం కూలీ చెప్పకుండా పని మానేస్తే అక్కడి చట్టం దృష్టిలో అది నేరం. అందుకని యజమానిని ఒప్పించి, ఒప్పందాన్ని మరొకరి పేరు మీదికి మార్పించారు. కొత్త యజమానిని కూడా తనే వెతికిపెట్టారు.

ఇది జరిగిన మూడేళ్లలోపే, 1897 జనవరి 13న, అదే డర్బన్ వీధిలో తెల్లవాళ్ల గుంపు ఒకటి గాంధీ మీద విరుచుకుపడింది. రాళ్లు, ఇటుక ముక్కలు, కుళ్లిన కోడిగుడ్లు మీద పడ్డాయి. తలపాగా లాగేశారు. సొమ్మసిల్లుతూ ఒక ఇంటి ముందరి కమ్మీలు పట్టుకున్నారు. అటుగా వస్తున్న ఒక తెల్ల ఇల్లాలు, ఆ ఊరి పోలీసు సూపరింటెండెంటు అలెగ్జాండర్ భార్య, చేతిలోని గొడుగు విప్పి గుంపుకూ ఆయనకూ మధ్య నిలబడింది. ఆమెకు తగలకుండా ఆయన్ను కొట్టడం కుదరక గుంపు జోరు తగ్గింది. దాడి చేసినవాళ్ల మీద కేసు పెట్టమని లండన్ నుంచి వలసల మంత్రి చాంబర్లిన్ తంతి పంపాడు. గాంధీ వద్దన్నారు. వద్దని కాగితం మీద రాసిచ్చారు కూడా.

ఒకే ఊళ్లో, ఒకే మనిషి. బాలసుందరం నోటి నెత్తురు చూసి ‘పోనీలే’ అనలేదు. తన ఒంటి మీది దెబ్బలకు మాత్రం అన్నారు. క్షమ గురించి, హక్కుల పోరాటం గురించి మన దగ్గరా బయటా జరిగిన వాదనలన్నీ కలిపి చూస్తే చిక్కుముడి ఇక్కడే విడిపోతుంది. తనకు తగిలిన దెబ్బను మాఫీ చేసే హక్కు దెబ్బతిన్నవాళ్లదే. పక్కవాడికి తగిలిన దెబ్బను మాఫీ చేసే హక్కు మనకు లేదు. మనకున్నది గొడుగు విప్పి అడ్డుగా నిలబడే బాధ్యత. ఈ రెండింటినీ కలిపేసినప్పుడల్లా ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతూనే వచ్చింది.

‘పోనీలే’కూ ‘సర్దుకుపో’కూ మధ్య

క్షమించడం, మన్నించడం అనే మాటలు తెలుగువాళ్లు పుస్తకంలో రాసినంతగా ఇంట్లో పలకరు. ఇంట్లో వినిపించేవి వేరు. ‘పోనీలే’, ‘వదిలెయ్’, ‘మనసులో పెట్టుకోకు’. తప్పు చేసినవాడు ‘చెంపలేసుకుంటున్నా’నంటాడు, పెద్దల ముందైతే ‘కడుపులో పెట్టుకోండి’ అంటాడు. దెబ్బతిన్న మనిషి తనంతట తాను ‘పోనీలే’ అంటే అందులో ఆ మనిషి పెద్దరికం ఉంటుంది.

‘సర్దుకుపో’ అనేది మాత్రం మరో రకం మాట. దాన్ని ఎప్పుడూ పక్కవాళ్లే అంటారు, అదీ కోడలితో అంటారు, పాలేరుతో అంటారు, వాడ మనిషితో అంటారు. అత్తగారితోనో, ఆసామితోనో అన్న సందర్భాలు వెతికినా దొరకవు. ఆడపిల్లకు భూదేవంత ఓర్పు ఉండాలని చెప్పే ఇళ్లలో మగపిల్లాడికి ఆ పాఠం చెప్పినవి ఎన్ని? క్షమ మీద అనుమానం పుట్టడానికి కారణం క్షమలో లేదు. బలవంతుడి పక్షాన నిలబడి బలహీనుడికి చెప్పే ఈ నీతిలో ఉంది.

ఈ అనుమానం కొత్తదేమీ కాదు. మహాభారతం అరణ్యపర్వంలో ద్రౌపది, ధర్మరాజుల మధ్య జరిగిన వాదం మొత్తం దీని మీదే. నిండు సభలో జరిగిన అవమానాన్ని భర్త ఎలా దిగమింగాడని ఆమె నిలదీస్తుంది. ప్రహ్లాదుడు తన మనవడు బలికి చెప్పిన నీతిని గుర్తుచేస్తుంది. ఎప్పుడూ కోపమూ పనికిరాదు, ఎప్పుడూ క్షమా పనికిరాదు, ప్రతిదానికీ ఓర్చుకునేవాణ్ని చివరికి నౌకర్లు కూడా లెక్కచేయరని దాని సారాంశం. ధర్మరాజు క్షమ గొప్పతనాన్ని ఎత్తిచూపుతాడు. ఆ వాదంలో ఎవరూ ఓడిపోరు.

ఆ ద్రౌపదే కొడుకులు ఐదుగురినీ నిద్రలో చంపిన అశ్వత్థామ విషయంలో రెండు గ్రంథాల్లో రెండు రకాలుగా కనిపిస్తుంది. భారతం సౌప్తికపర్వంలో ఆమె ప్రాయోపవేశానికి కూర్చుని అతని ప్రాణం కోరుతుంది, చివరికి అతని తలలోని మణితో సమాధానపడుతుంది. పోతన తెలుగు చేసిన భాగవతంలోనైతే, కట్టి తెచ్చిన అశ్వత్థామను విడిచిపెట్టమంటుంది. తనలాగే అతని తల్లి కృపి ఏడవకూడదన్నది ఆమె మాటల సారం. తెలుగింట పురాణం చెప్పేవాళ్లు ఈ ఘట్టం దగ్గర గొంతు తగ్గిస్తారు. అయితే కథ అక్కడితో ఆగదు. ప్రాణం తీయలేదు గానీ అశ్వత్థామ తల గొరిగి, మణి తీసుకుని, శిబిరం నుంచి వెళ్లగొట్టారు. అమ్మ క్షమించింది, శిక్ష అమలైంది. రెండూ ఒకే పూట జరిగాయి.

బారిపద నుంచి గుర్తేడు దాకా

1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక ఒడిశాలోని కేంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్, ఆరేళ్ల తిమోతి తమ వాహనంలో నిద్రపోతుండగా ఒక మూక దానికి నిప్పుపెట్టింది. ముగ్గురూ కాలిపోయారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన స్టెయిన్స్ మూడు దశాబ్దాలకు పైగా మయూర్‌భంజ్ జిల్లా బారిపదలో కుష్ఠు రోగుల ఆశ్రమం నడిపారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నానని ప్రకటించారు. దేశమంతా ఆ మాటను గుర్తుపెట్టుకుంది.

ఆ తర్వాత ఆమె ఏం చేశారన్నది మాత్రం ఎవరికీ అంతగా గుర్తులేదు. కూతురు ఎస్తేర్‌తో కలిసి బారిపదలోనే ఉండిపోయారు. నర్సుగా రోగుల పుళ్లు కడిగి కట్లు కట్టే ఆ చోటును వదల్లేదు. 2004లో ఆస్ట్రేలియా వెళ్లేనాటికి భర్త పేరున ఆసుపత్రి తెరిచారు. 2005లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. క్షమించానన్నారు గానీ కేసు ఎత్తేయమని ఆమె అడగలేదు. చట్టం పని చట్టం చేస్తుందన్నదే ఆమె వైఖరి. కింది కోర్టు ప్రధాన దోషి దారాసింగ్‌కు వేసిన మరణశిక్షను 2005లో ఒరిస్సా హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. క్షమ ఆమె సొంతం, విచారణ సమాజానిది. ఆ గీతను ఆమె ఎక్కడా దాటలేదు.

ఆమెకు ఆ బలం ఎక్కడిదని అడిగితే నమ్మిన మతం అని ఒక జవాబు ఉంది. అది నిజమే, ఆమే చెప్పుకున్నారు. దానితోపాటు కళ్లెదుట కనిపించే మరొకటి కూడా ఉంది. పొద్దున్నే లేచి వెళ్లాల్సిన ఆశ్రమం, అక్కడ ఆమె కోసం ఎదురుచూసే మనుషులు. ద్వేషాన్ని మోయడానికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఆమె చేతులు ఖాళీగా లేవు.

ఇలాంటిదే, మతం మాట లేని మరో ఉదాహరణ తెలుగు నేల మీద ఉంది. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ తమిళనాడులో పుట్టినా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో గడిపారు. 1976 చట్టం వచ్చాక వెట్టిచాకిరీ విముక్తికి పట్టుబట్టి పనిచేశారు. సాంఘిక సంక్షేమ గురుకులాల వెనుక ఆయన కృషి ఉంది. పెళ్లి చేసుకోలేదు. జీతంలో చాలా భాగం దళిత పిల్లల చదువులకు పోయేది.

1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలో గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ నక్సలైట్ల దళం ఆయన్ను, మరికొందరు ఐఏఎస్ అధికారులను ఎత్తుకుపోయింది. జైళ్లలో ఉన్న తమవాళ్లను విడిపించుకున్నాకే నక్సలైట్లు వాళ్లను వదిలారు. జీవితమంతా గిరిజనుల కోసం, దళితుల కోసం పనిచేసిన మనిషిని తుపాకీ చూపి బందీ చేయడం కన్నా చేదు అనుభవం ఏముంటుంది? పగ పెంచుకోవడానికి ఆయనకు కావలసినంత కారణం ఉంది.

పదేళ్ల తర్వాత, 1997లో పౌర స్పందన వేదిక ఏర్పడింది. దానికి పెద్దదిక్కు శంకరనే. ఎన్‌కౌంటర్ల పేరిట పోలీసులు చేసే హత్యల గురించి ప్రభుత్వానికి, ఇన్ఫార్మర్ల పేరిట నక్సలైట్లు చేసే హత్యల గురించి వాళ్లకు, ఇద్దరికీ ఉత్తరాలు రాశారు. ఊళ్లు తిరిగారు, రెండు వైపులా ప్రాణాలు పోయిన కుటుంబాల గడప తొక్కారు. ఏళ్ల తరబడి సాగిన ఆ ప్రయత్నం 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వం, నక్సలైట్లు ఒక బల్ల చుట్టూ కూర్చోవడానికి బాట వేసింది. కొద్ది నెలలకే చర్చలు విఫలమయ్యాయి, మళ్లీ కాల్పులు మొదలయ్యాయి. అయినా తనను ఎత్తుకుపోయినవాళ్ల ప్రాణాల హక్కు గురించి కూడా మాట్లాడిన శంకరన్ పని చిన్నది కాదు. ‘క్షమించాను’ అన్న ప్రకటన ఆయన చేయలేదు, దాన్ని పనిలో చూపించారు. ఇచ్చిన పద్మభూషణ్‌ను వద్దన్నారు. 2010 అక్టోబరులో కన్నుమూసేదాకా చేత్తో మలం ఎత్తే సఫాయి కార్మికుల ఉద్యమానికి అండగా ఉన్నారు. ఆ ఉద్యమం వేసిన కేసులోనే 2014 మార్చిలో సుప్రీంకోర్టు 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని ఆదేశించింది.

నిజం చెప్పినవాడికే మాఫీ

వ్యక్తులు సరే, ఒక దేశం క్షమించగలదా? దక్షిణాఫ్రికా ఆ ప్రయోగం చేసింది. వర్ణవివక్ష పాలన ముగిశాక 1995లో చట్టం చేసి, ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన సత్య, సయోధ్యల కమిషన్ వేశారు. 1996 ఏప్రిల్‌లో ఈస్ట్ లండన్ పట్టణంలో మొదటి విచారణ జరిగింది. 21 వేల మందికి పైగా బాధితుల గోడు నమోదైంది. రాజకీయ కారణాలతో నేరం చేసినవాళ్లు మొత్తం నిజం బయటపెడితే శిక్ష మాఫీ చేస్తామన్నారు. ఏడు వేలకు పైగా అర్జీలు వచ్చాయి. మాఫీ దొరికింది 849 మందికే. చెప్పింది అరకొర నిజమైనా, నేరానికి రాజకీయంతో సంబంధం లేకపోయినా అర్జీ చెల్లలేదు.

ఆ మాఫీ పొందినవాళ్లలో నలుగురు యువకుల కథ ప్రపంచమంతా తిరిగింది. 1993 ఆగస్టు 25న కేప్‌టౌన్ పక్కన గుగులెతు వాడలో, నల్లవారి స్నేహితురాలైన అమెరికా విద్యార్థిని ఏమీ బీల్‌ను ఒక గుంపు చంపింది. శిక్షపడిన నలుగురికి కమిషన్ 1998లో మాఫీ ఇచ్చింది. ఏమీ తల్లిదండ్రులు లిండా, పీటర్ బీల్ అభ్యంతరం చెప్పలేదు. కూతురి పేరున సంస్థ పెట్టి అదే వాడల పిల్లల కోసం పనిచేశారు. ఆ నలుగురిలో ఇద్దరు తర్వాత ఆ సంస్థలోనే పనికి చేరారు. కూతురు దేని కోసం దక్షిణాఫ్రికా వెళ్లిందో ఆ పని ఆగకూడదన్నది ఆ తల్లిదండ్రుల ఆలోచన.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 1977లో పోలీసుల చిత్రహింసలకు బలైన నల్లవారి నాయకుడు స్టీవ్ బికో కుటుంబం ఈ మాఫీని ఒప్పుకోలేదు. తమకు కోర్టులో న్యాయం కావాలని రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లి 1996లో ఓడిపోయింది. తర్వాత బికో కేసులో పోలీసులు పెట్టుకున్న అర్జీలను కమిషనే తోసిపుచ్చింది. మాఫీ రానివాళ్ల మీద కేసులు నడపాల్సిన ప్రభుత్వం దాదాపు ఏమీ చేయలేదు. బాధితులకు ఇచ్చింది తలా 30 వేల రాండ్లు. బీల్ దంపతుల ఔదార్యం నిజం, బికో కుటుంబం కడుపుకోతా నిజం. మొదటిదాన్ని చూపించి రెండోదాని నోరు మూయించడం తగదు. బీల్ దంపతులు తమ కూతురి విషయంలోనే మాట్లాడారు గానీ బికో భార్యకు పాఠాలు చెప్పలేదు.

ఓర్పు ఎవరికి మేలు?

మనస్తత్వ శాస్త్రం ఈ రంగంలోకి ఆలస్యంగా వచ్చింది. అమెరికాలో రాబర్ట్ ఎన్‌రైట్, ఎవరెట్ వర్తింగ్టన్ దీనికి దారి చూపినవాళ్లు. వర్తింగ్టన్ తల్లిని 1995 చివర్లో ఇంట్లో చొరబడ్డ దుండగుడు చంపేశాడు. అప్పటికే క్షమ మీద పరిశోధన చేస్తున్న ఆయన తన పాఠాన్ని తన మీదే ప్రయోగించుకోవలసి వచ్చింది. ఆయన రూపొందించిన అభ్యాసాల పుస్తకాన్ని ఇటీవల కొలంబియా, దక్షిణాఫ్రికా, ఉక్రెయిన్, ఇండోనేషియా, హాంకాంగ్‌లలో నాలుగున్నర వేల మందికి పైగా ఇచ్చి చూశారు. చేసినవాళ్లలో దిగులు, ఆందోళన తగ్గాయి. ఎన్‌రైట్ మరో ముఖ్యమైన గీత గీశారు. క్షమించడమంటే తప్పును తప్పు కాదనడం కాదు, మర్చిపోవడం కాదు, ఆ మనిషితో మళ్లీ కలిసి బతకడం కూడా కాదు.

ఈ గీత ఎందుకు అవసరమో జేమ్స్ మెక్‌నల్టీ పరిశోధన చెబుతుంది. కొత్తగా పెళ్లైన జంటలను నాలుగేళ్లపాటు గమనించి 2011లో ఫలితం ప్రచురించారు. క్షమించే స్వభావం తక్కువ ఉన్నవాళ్ల విషయంలో భాగస్వామి దౌర్జన్యం కాలక్రమంలో తగ్గింది. ప్రతిసారీ క్షమించేవాళ్ల విషయంలో అది అలాగే సాగింది. ప్రహ్లాదుడు బలికి చెప్పింది కూడా దాదాపు ఇదే.

తెలుగు ఇళ్లకు ఇది దూరపు సంగతి కాదు. కొట్టిన మొగుడు పొద్దున్నే మల్లెపూలు తెచ్చిస్తే పుట్టింటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. బ్యాగు సర్దుకుని వచ్చిన కూతురిని రెండు రోజులుంచుకుని, పసుపు కుంకుమ ఇచ్చి బస్సెక్కిస్తారు. ఆ రెండు రోజుల్లో ఆమెను ఏం చేద్దామని అడిగినవాళ్లు ఎంతమంది? 2005 గృహహింస చట్టం, సఖి కేంద్రాలు, 181 హెల్ప్‌లైన్ ఉన్నది ఆమెకు మొగుడి మీద పగ నేర్పడానికి కాదు. క్షమించాలో వద్దో నిశ్చింతగా ఆలోచించుకునే చోటు ఆమెకు ఇవ్వడానికి. వెళ్లిపోయే దారి తెరిచి ఉన్నప్పుడు చెప్పిన ‘పోనీలే’కే విలువ.

న్యాయస్థానాలు కూడా ఇంచుమించు ఈ గీతనే గీశాయి. చిన్న దెబ్బలాటలు, తిట్లు వంటి నేరాల్లో బాధితుడు ఒప్పుకుంటే రాజీకి చట్టం వీలిస్తుంది. లోక్ అదాలత్‌లలో రోజూ జరిగేది ఇదే. హత్య, అత్యాచారం, దోపిడీ వంటి ఘోర నేరాలను మాత్రం ఇద్దరూ రాజీపడ్డా కొట్టేయకూడదని 2012లో జ్ఞాన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అత్యాచారం కేసుల్లో రాజీ మాటే ఎత్తకూడదని 2015లో మరింత గట్టిగా చెప్పింది. ఎందుకంటే అలాంటి రాజీ వెనుక ఎవరి ఒత్తిడి ఉందో ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుంది.

ఒక్కోసారి ప్రభుత్వమే బాధితురాలిని అడగకుండా ‘పోనీలే’ అనేస్తుంది. 2002 గుజరాత్ మారణకాండలో బిల్కిస్ బానో మీద సామూహిక అత్యాచారం జరిగింది, మూడేళ్ల కూతురితో సహా ఆమె కుటుంబీకులను చంపేశారు. యావజ్జీవ శిక్ష పడిన 11 మందిని 2022 ఆగస్టు 15న గుజరాత్ ప్రభుత్వం విడుదల చేసింది. జైలు బయట వాళ్లకు స్వీట్లు తినిపించారు. బిల్కిస్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆమెతోపాటు ఆమెకు ఏ చుట్టరికమూ లేని సుభాషిణి అలీ, రేవతీ లౌల్, రూప్‌రేఖా వర్మ కూడా పిటిషన్లు వేశారు. 2024 జనవరి 8న కోర్టు ఆ విడుదలను రద్దు చేసి, రెండు వారాల్లో తిరిగి జైలుకు రమ్మంది. డర్బన్ వీధిలో గొడుగు విప్పిన ఇల్లాలికి ఈ ముగ్గురూ వారసులే.

చుండూరులో

1991 జులైలో ఒక సినిమా హాల్లో దళిత యువకుడి కాలు ముందు సీట్లోని మరో కులం కుర్రాడికి తగిలింది. గొడవ పెరిగి సాంఘిక బహిష్కరణ దాకా వెళ్లింది. ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి నరికి చంపారు. ఆరేళ్ల ముందు, 1985 జులై 17న జరిగిన కారంచేడు దళితుల హత్యల గాయం అప్పటికింకా పచ్చిగానే ఉంది.

చుండూరు బాధితులు రాజీకి రాలేదు. ఊళ్లోనే, తమ కళ్ల ముందే విచారణ జరగాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టును చుండూరుకు రప్పించుకున్నారు. బొజ్జా తారకం, కత్తి పద్మారావు లాంటి దళిత ఉద్యమ నాయకులు, హక్కుల సంఘాలవాళ్లు వెంట నిలిచారు. సాక్షులు పదహారేళ్లు మాట మార్చకుండా నిలబడ్డారు. కూలి మానుకుని కోర్టుకు వచ్చి, రోజూ ఎదురుపడే మనుషులకు వ్యతిరేకంగా బోనెక్కి చెప్పడం మాటలు కాదు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ తీర్పు మీద అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది.

ఆ కుటుంబాలు క్షమించాయా అని అడిగేవాళ్లు ఉన్నారు. ఆ ప్రశ్న వాళ్లను అడగడానికి ముందు జరగాల్సినవి చాలా ఉన్నాయి. గ్లాడిస్‌కు విచారణ దక్కింది. బీల్ దంపతుల ఎదుట హంతకులు కూర్చుని చేసింది చెప్పారు. చుండూరులో ఎవరూ వచ్చి ‘మావల్ల తప్పు జరిగింది, కడుపులో పెట్టుకోండి’ అనలేదు.

చనిపోయినవాళ్లను దళితులు ఊరి బయట కాకుండా ఊరి నడుమ పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఏటా ఆగస్టు 6న అక్కడికి పూలతో వస్తారు. అప్పుడు పుట్టనైనా పుట్టని పిల్లలు పెద్దల పక్కన నిలబడి ఆ ఎనిమిది పేర్లు వింటారు.